ముట్టుకుంటే మంచిగనే చూపించే మిషన్

ప్రాసెసర్‌ని పడుకోబెట్టే పని

మీరు చేసే ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ముప్పై ఏళ్ళూ నీళ్ళు నమిలాను. కంప్యూటర్లంటే కంప్యూటర్లు కావు, ఫోన్లంటే ఫోన్లూ కావు. ఇప్పుడు రిటైరయ్యాక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు, మేడం మీరు నేర్చుకున్నది రాసిపెట్టండి అని వెంటపడితే కూర్చున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి వచ్చిన కథ, రాని కథ, రెండూ మీకు పనికిరావు.

నా పని ప్రాసెసర్లను పడుకోబెట్టడం, వేళకి లేపడం. బ్యాటరీ మీద నడిచే చిన్న పరికరాల్లో కూడా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాని గుండెకాయ లాంటి భాగం కెర్నెల్. చేయడానికి పనేమీ లేకపోతే కెర్నెల్ ప్రాసెసర్‌ని ఊరికే తిప్పదు, నిద్రపుచ్చుతుంది. పని రాగానే లేపుతుంది. ఒక్క నిమిషంలో ఇది వేలసార్లు జరుగుతుంది, వాడే మనిషికి తెలియను కూడా తెలియదు.

ఈ నిద్రలో స్థాయిలున్నాయి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని తలుచుకోండి. గేటు పక్కన కుర్చీలో కునుకు తీస్తే హారన్ వినగానే లేస్తాడు. గదిలోకి వెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకుంటే, లేచి చెప్పులేసుకుని వచ్చేసరికి వచ్చినవాళ్ళు వెనక్కి వెళ్ళిపోతారు. ప్రాసెసర్ కూడా అంతే. కునుకులో బ్యాటరీ కొద్దిగా మిగులుతుంది, గాఢనిద్రలో బాగా మిగులుతుంది. కాని గాఢనిద్ర నుంచి లేవడానికి ఎక్కువసేపు పడుతుంది. ఎంతసేపు పడుతుందో మనం ఒక పట్టికలో రాసిపెడతాం. కెర్నెల్ ఆ అంకెను నమ్మి, ఇప్పుడు కునుకా, గాఢనిద్రా అని తేల్చుకుంటుంది.

ఆ అంకె తప్పయితే ఎక్కడా ఎర్రదీపం వెలగదు. మిషన్ ఆగిపోదు. కొంచెం కొంచెంగా అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది, అంతే. ఆగిపోయిన మిషన్‌ని బాగుచేయడం తేలిక. నమ్మకంగా అబద్ధం చెప్పే మిషన్‌తోనే చిక్కు.

ఎల్బీ నగర్ ఆఫీసు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను ఎల్బీ నగర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. కింద టైర్ల షాపు, పైన మేము. ఓనరు చలపతిరావుగారు తెనాలి వైపు మనిషి, మెత్తనివాడు, పిరికివాడు కూడా. మేం చేసేది నాడి మిషన్. వేలికి ఒక క్లిప్పు పెడితే నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూపిస్తుంది. పల్లెటూళ్ళ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకి పంపేవాళ్ళం. ఒకసారి ఛార్జి చేస్తే చాలా రోజులు నడుస్తుందన్నది మా గొప్ప. ఆ గొప్ప నా చేతి పనే, గాఢనిద్ర పుణ్యమే.

నాతో పనిచేసే ఇంజినీరు నర్సింహ. నల్లగొండ జిల్లా పల్లెటూరి వాడు, ముప్పై ఏళ్ళుంటాయి, కోడ్ రాయడంలో నాకంటే శుభ్రం. బండి నంబరు ప్లేటు మీద ఏపీ తీసేసి టీజీ అని అంటించుకున్నాడు. చలపతిరావుగారు అది చూసి ఏమీ అనలేదు. బండి కాస్త వెనక వైపు పెట్టుకోవయ్యా, ముందర ఎండ తగులుతుంది అన్నారు. ఆ వాక్యం చెప్పుకుని మేమిద్దరం ఏడాది నవ్వుకున్నాం.

మాది కృష్ణా జిల్లా. నా చిన్నప్పుడే దిల్‌సుఖ్‌నగర్ వచ్చి స్థిరపడ్డాం. ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఒక బెరుకు ఉండేది. మా వీధిలో ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు, అయినా బెరుకే. అది దాచడం ఎందుకు, ఉండేది.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఫిర్యాదులు నర్సింహ ఫోన్లో విని, చెప్పినవాళ్ళు ఎలా చెబితే అలా తెలుగులో చిత్తుగా రిజిస్టర్లో రాసేవాడు. సాయంత్రం నేను కూర్చుని, దాన్ని కొట్టేసి పక్కన ఇంగ్లీషులో చక్కగా రాసేదాన్ని. ఆడిట్ వాళ్ళకి అలా ఉండాలి. నాకూ అలాగే ఉండాలనిపించేది. పరీక్ష చేసేటప్పుడు ఆ ఇంగ్లీషు మాత్రమే చదివేవాళ్ళం.

అండాలు సిస్టర్ ఫోన్

చౌటుప్పల్ దాటాక ఒక ఊరి ఆరోగ్య కేంద్రంలో అండాలు అనే నర్సు పనిచేసేది. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా కొనసాగించాలి. ఒక బంద్ రోజున ఆమె దగ్గర పద్మ అనే బాలింత ఉంది. కాన్పయి రెండు రోజులు. మంచం మీద కదలకుండా పడుకున్న పద్మ నాడి మా మిషన్ మీద తగ్గుతూ తగ్గుతూ నలభై నాలుగుకి వచ్చింది. అండాలు మణికట్టు పట్టుకుని చేత్తో లెక్కపెడితే డెబ్బై ఆరు ఉంది. రెండూ కేసు కాగితం మీద రాసింది. కాని యాభైకి తగ్గితే పెద్దాసుపత్రికి పంపాలన్నది నియమం, మిషన్ చెప్పిందే లెక్క అన్నది కూడా నియమం. పంపించింది.

అంబులెన్సు ఎక్కడో ఉంది, దొరికిన జీపులో పంపింది. రాస్తారోకో చేస్తున్నవాళ్ళు బాలింతని చూసి దారివ్వడానికి సిద్ధమే, కాని వెనకా ముందూ లారీలు ఇరుక్కుపోయాయి. పసిగుడ్డుతో మూడు గంటలు ఆ తల్లి రోడ్డు మీదే ఉంది. పెద్దాసుపత్రిలో చూసి ఏమీ లేదని రెండు రోజుల్లో పంపించేశారు.

అనవసరంగా పంపి ఇబ్బంది పెట్టావని అండాలుకి మెమో వచ్చింది. చేత్తో సరిగ్గానే ఉంటే ఎందుకు పంపావు అని ఒక ప్రశ్న, మిషన్ తప్పంటే రుజువేది అని ఇంకో ప్రశ్న. ఆమె మా ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేసింది, మిషన్ కూడా పంపింది. ఒకసారి నాతోనే మాట్లాడింది.

"మేడం, ముట్టుకుంటే మంచిగనే సూపిస్తది. ఇడిచిపెడితే తగ్గుకుంట పోతది. బటన్ ఒత్తితే మళ్ళ మంచిగైతది," అంది.

నేను క్లిప్పు వేలికి గట్టిగా పెడుతున్నారా, వేలికి గోరింటాకు ఉందా అని అడిగాను. ఓపిగ్గానే అడిగాను, కాని వినలేదు. అప్పటికే నర్సింహ రాసిన ఆమె మాటల్ని కొట్టేసి, చూపు నిలకడగా లేదు, వాడకంలో లోపం కావచ్చు అని ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసేశాను. మిషన్ బల్ల మీద పెట్టి, కరెంటు తీగ, కంప్యూటర్ కేబుల్ తగిలించి రోజంతా చూశాం. బంగారంలా పనిచేసింది. లోపం లేదని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఆమె మెమోకి జతయింది.

కేబుల్ లేని రోజు

రెండు నెలలు గడిచాక ఆరోగ్య శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అండాలు కాంట్రాక్టు కొనసాగించాలా వద్దా అన్నది ఆ వారంలోనే తేలుతుంది, పరికరంలో లోపం లేదని మరొక్కసారి రాతపూర్వకంగా చెప్పండి అని. చలపతిరావుగారు ఆ ఉత్తరం నాకిచ్చారు. నేను సంతకం పెడితే ఆమె ఉద్యోగం పోతుంది. ఆ సంగతి తెలిసే తీసుకున్నాను. చివరిసారి పరీక్ష చేసి రాద్దామనుకున్నాను.

మర్నాడు బంద్ కాబట్టి, రెండు నెలలుగా అలమరలో పడి ఉండి ఛార్జి సగానికి దిగిన ఆమె మిషన్ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. కేబుల్, ఛార్జరు ఆఫీసులోనే మర్చిపోయాను. అలవాటైన మనిషి చేసే తప్పు అది, బల్ల మీద ఎప్పుడూ తగిలించే ఉంటాయి కాబట్టి అవి మిషన్‌లో భాగమే అనుకుంటాం.

పొద్దున వంట కానిచ్చి, కుర్చీలో కూర్చుని వేలికి క్లిప్పు పెట్టుకున్నాను. డెబ్బై రెండు. బాగానే ఉంది కదా అనుకుని పేపరు చదవడం మొదలుపెట్టాను. ఒక పేజీ చదివి చూస్తే అరవై. ఇంకాసేపటికి యాభై ఒకటి. చేతిని కదపకుండా చూస్తూ కూర్చున్నాను. నలభై ఆరు. నా గుండె మాత్రం గబగబా కొట్టుకుంటోంది, దానికి మిషన్ అవసరం లేదు. బటన్ నొక్కాను. ఎనభై ఎనిమిది.

ముట్టుకుంటే మంచిగనే సూపిస్తది. ఇడిచిపెడితే తగ్గుకుంట పోతది. ఆమె చెప్పింది ఫిర్యాదు కాదు, రోగ నిర్ధారణ. ముప్పై ఏళ్ళలో నాకు అంత స్పష్టంగా ఏ ఇంజినీరూ లోపం చెప్పలేదు. నాకు సిగ్గేసింది, అంత సిగ్గు మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

కుర్చీలోంచి లేవకుండానే మిగతాదంతా అర్థమైంది. బటన్ నొక్కితే స్క్రీన్ వెనక లైటు వెలుగుతుంది, అది ఆరాక కూడా అంకె కనిపిస్తూనే ఉంటుంది, కాని లైటు వెలుగుతున్నంతసేపు ప్రాసెసర్ కునుకు దాటి పోదు. కేబుల్ తగిలిస్తే మాతో మాట్లాడాలి కాబట్టి గాఢనిద్రకు పోదు. ఛార్జరు పెడితే పొదుపు అక్కర్లేదు కాబట్టి పోదు. ఈ మూడు ఏర్పాట్లూ నేను రాసినవే. అంటే మేము చూస్తున్నంతసేపూ జబ్బు రాకుండా మేమే మందేశాం. అండాలు ఊళ్ళో కరెంటు తరచు పోయేది, అందుకని మిషన్ ఎక్కువగా బ్యాటరీ మీదే నడిచేది, రోగి కదలకుండా పడుకునేది. గాఢనిద్రకి అంతకంటే అనువైన చోటు లేదు.

ఒక్కటే చెప్పి ముందుకు పోతాను. ఏ నిద్రకి ఎన్నిసార్లు వెళ్ళిందో కెర్నెల్ తనే లెక్క పెట్టుకుంటుంది. మా పరీక్ష కాగితాలన్నిటిలో గాఢనిద్ర ఎదుట సున్నా ఉంది, అంటే బల్ల మీద అది ఒక్కసారీ గాఢంగా నిద్రపోలేదు. ఆ సున్నాను నేను ఎన్నోసార్లు చూశాను. లోపాలు సున్నా అన్నంత సంతోషంగా చూశాను.

రోడ్డు మీద వంట

ఆఫీసు తాళం నర్సింహ దగ్గర ఉంది. అతను ఎక్కడుంటాడో నాకు తెలుసు. మిషన్ సంచిలో పెట్టుకుని కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్‌కి నడిచాను. రోడ్డు మీద బండి లేదు, బస్సు లేదు. ఇన్నేళ్ళలో ఆ రోడ్డు మధ్యలో నడిచింది ఆ ఒక్కరోజే. చౌరస్తాలో వంటా వార్పూ జరుగుతోంది. హైవే మీదే రాళ్ళ పొయ్యిలు, పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు. ఆడవాళ్ళు, మగవాళ్ళు రోడ్డు మీద బారులు తీరి కూర్చుని తింటున్నారు. లోపల బెరుకుగానే ఉంది. నా మాట వింటే ఎక్కడిదాన్నో తెలిసిపోతుంది. నర్సింహ గరిటె పట్టుకుని అన్నం వడ్డిస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు, గాఢనిద్ర సంగతి చెప్పబోతే విస్తరి చేతిలో పెట్టాడు.

"ముందుగాల తినున్రి మేడం. ఉత్త కడుపుతోని నిద్ర సంగతి ఏం మాట్లాడుతం," అన్నాడు.

పక్కనున్న పెద్దావిడ జరిగి చోటిచ్చింది, పప్పులో కారం ఎక్కువైందా అని అడిగింది. తిన్నాను. తింటూనే క్లిప్పు పెట్టుకుని చూపించాను. ఎడమ చెయ్యి ఒళ్ళో కదలకుండా పెట్టుకుని, కుడి చేత్తో పప్పన్నం తింటుంటే అంకె దిగుతూ వచ్చింది. నర్సింహ గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నేను రిజిస్టర్ల రాసిన మేడం. ఆమె చెప్పినట్టే రాసిన. మీరే కొట్టేసిన్రు."

అందులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. అవును అన్నాను. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగే ముఖం నాకు లేదు. అతనే చెప్పాడు, కేబుల్ పెట్టి చూసి తనూ నమ్మేశాడట, తన వైపు మనిషి మాట తనే నమ్మనందుకు తనకూ బాధగానే ఉందట.

తాళం తీసుకుని ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. బ్యాటరీ మీదే నడుపుతూ, ప్రాసెసర్ లేవగానే చిప్‌కున్న ఒక పిన్ను మీద సంకేతం ఇచ్చేలా చేసి కొలిచాం. నిండు బ్యాటరీ వేసి చూస్తే పట్టికలోని అంకె సరిగ్గానే ఉంది. సగానికి దిగిన బ్యాటరీ మీద లేవడానికి దాదాపు మూడింతలు పట్టింది. ఆలోగా వేలి క్లిప్పు పంపిన సమాచారం దాచే చోటు నిండిపోయి, పాతది పోయి, మధ్యలో కొన్ని నాడి దెబ్బలు లెక్కలోకి రావడం లేదు. ఆ అంకెను నేను చిప్ వాళ్ళ పుస్తకంలోంచి తీసుకుని, బల్ల మీది కరెంటుతో ఒకసారి సరిచూసుకుని రాశాను. బ్యాటరీ దిగితే ఏమవుతుందో చూడనే లేదు. వేలికి క్లిప్పు ఉన్నంతసేపు గాఢనిద్ర వద్దని కెర్నెల్‌కి చెప్పడానికి రెండే వరుసలు సరిపోయాయి. దాంతో మేం గొప్పగా చెప్పుకునే బ్యాటరీ అంతకుముందు నడిచే రోజుల్లో సగమే నడవసాగింది.

చలపతిరావుగారి ఉత్తరం

మర్నాడు చలపతిరావుగారికి అంతా చెప్పాం. ఆయన, మిషన్లన్నీ తెప్పించి చప్పుడు చేయకుండా సరిచేసి పంపుదాం అన్నారు, కాని కాగితం మీద తప్పు ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

"ఆంధ్రావాడి కంపెనీ, పల్లెటూరి ఆస్పత్రికి తప్పుడు మిషన్ ఇచ్చాడంటారు శారదగారూ. ఇప్పుడున్న పరిస్థితిలో మనం తట్టుకోగలమా?" అన్నారు.

ఆయన భయం దొంగ భయం కాదు. పదిహేను కుటుంబాలు ఆ కంపెనీ మీద బతుకుతున్నాయి. నర్సింహే సమాధానం చెప్పాడు.

"ఆమె నౌకరి పోయినంక తెలిస్తే గదే మాట అంటరు సార్. అప్పుడు నేను గూడ అంట."

లోపం లేదన్న సంతకం నాది కాబట్టి, లోపం ఉందన్నది కూడా నా పేరు మీదే పంపుతానన్నాను. చలపతిరావుగారు వద్దన్నారు. లెటర్‌హెడ్ తీసి, కళ్ళజోడు పెట్టుకుని ఆయనే తెలుగులో రాశారు. మిషన్ తప్పు చూపించింది, నర్సు చెప్పినది అక్షరాలా నిజం, పరీక్షించడంలో పొరపాటు మాది అని. పిరికివాడన్నాను కదా, ఆ పిరికి మనిషి సంతకం పెట్టాడు. నా సర్వీసులో చాలామంది ధైర్యవంతులైన బాసుల్ని చూశాను, వాళ్ళలో ఒక్కరూ ఇలాంటి కాగితం రాయలేదు.

ఈ పనిలోకి వస్తున్న మీకు నేను చెప్పగలిగింది ఇంతే. లోపం చెప్పినవాళ్ళ మాటని వాళ్ళ మాటలోనే ఉంచండి. మీ భాషలోకి మార్చితే మీకు తెలిసినదే మిగులుతుంది. ఇంకోటి, వాళ్ళ దగ్గర మిషన్ ఎలా పడి ఉంటుందో అలాగే పడేసి, చేతులు కట్టుకుని కూర్చుని చూడండి.

పద్మ

ఆ మర్నాడు బస్సులు లేవు. నర్సింహ బండి మీద, టీజీ అని అంటించిన ప్లేటుతో, ఆ ఊరికి వెళ్ళాం. దారిలో ఎవరూ ఆపలేదు. ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు ఉత్తరం రెండుసార్లు చదివి అండాలుని పిలిచారు. మెమో వెనక్కి తీసుకోవాలని అప్పటికప్పుడే పైవాళ్ళకి రాశారు. ఆమె కాంట్రాక్టు కొనసాగింది, ఆ సంగతి మాకు తర్వాతి వారం తెలిసింది.

అండాలు సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. మీరు చెప్పింది నేను వినలేదు, తప్పు నాదే అన్నాను. తలూపింది. మీరు వచ్చి చెప్పిన్రు, నాకు చాలు అని, చీర చెంగు సవరించుకుంది.

"ఇగ పద్మకు గూడ చెప్పున్రి మేడం. మీ మిషన్ మాట ఆమె ఇంకా నమ్ముతున్నది," అంది.

పద్మ ఇల్లు రెండు వీధుల అవతల. వాకిట్లో నులక మంచం మీద పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. కళ్ళ కింద నల్లగా చారలు. అత్త లోపల అంట్లు తోముతోంది. అండాలు మమ్మల్ని చూపించి, మిషన్ చేసినోళ్ళు అని చెప్పింది. పద్మ బెదిరిపోయింది, మళ్ళీ ఏదో చూపించడానికి వచ్చామనుకుంది.

నేను ఆమె పక్కన కూర్చుని, ఆ రోజు నీ నాడి బాగానే ఉందమ్మా, మా మిషనే తప్పు చూపించింది అని చెప్పాను. ఆమెకి వెంటనే ఎక్కలేదు. తను కళ్ళారా చూశానంది. కదలకుండా పడుకుంటే అంకె దిగుతూ పోవడం, అండాలు వచ్చి మిషన్ ముట్టుకుంటే పెరగడం, తనే చూసింది. పెద్దాసుపత్రిలో ఏమీ లేదన్నారు, కాని అక్కడ పడుకోబెట్టి చూడలేదుగా అంది. అప్పట్నించి గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తోందట, ఒళ్ళు వాల్చి నిద్రపోతే గుండె ఆగిపోతుందని. కళ్ళు మూతలు పడితే ఉలిక్కిపడి లేస్తుందట. అండాలుకి తప్ప మొగుడికీ అత్తకీ కూడా చెప్పలేదు. మూడు నెలలు.

తగ్గింది నీ గుండె కాదు, నిద్రపోయింది మా మిషన్ అని మళ్ళీ చెప్పాను. నర్సింహ తన మాటలో ఇంకోసారి చెప్పాడు. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది, చివరికి అండాలు వైపు చూసింది. అండాలు అవునన్నట్టు తలూపింది.

"అయితే నేను పండుకోవచ్చునా?" అని అడిగింది పద్మ.

పడుకోవచ్చమ్మా అన్నాను. అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి పిల్లని అందుకుంది. మేం ఇంకా వాకిట్లో నిలబడి ఉండగానే పద్మ మంచం మీద ఒళ్ళు వాల్చి, అటు తిరిగి పడుకుంది.